చెవికి చత్వారం వస్తే

నలభై దాటిన మనిషి పేపరును చేయి చాచినంత దూరం జరిపి చదువుతుంటే ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. "చత్వారం వచ్చినట్టుంది, అద్దాలు తెచ్చుకోరాదూ" అంటారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, జాలీ లేదు. సంస్కృతంలో నలభై అంటే చత్వారింశత్. దాని తోక కత్తిరిస్తే మన చత్వారం. చాళీసం అనేవాళ్ళు హిందీ నలభైని పట్టుకున్నారు. మన సరిహద్దు ఊరు తడ దాటి ఆరంబాకంలో అడుగు పెడితే తమిళనాడు. అక్కడివాళ్ళు దీన్ని వెళ్ళెళుత్తు అంటారు, తెల్లక్షరం అని. ఎవరి పేరు వాళ్ళు పెట్టుకున్నా, ఇది గుడ్డితనం కాదు, వయసు అన్న సంగతి మాత్రం అందరూ ఒప్పుకున్నారు. చత్వారం వచ్చినవాణ్ణి గుడ్డివాడు అని పిలవగా నేనైతే వినలేదు.

అరవై దాటాక చెవికి వచ్చేదానికి మన భాష ఇలాంటి పేరు పెట్టలేదు. ఉన్నది చెవుడు ఒక్కటే. పుట్టుకతో వచ్చినా చెవుడే, చిన్నప్పుడు చీము కారి వచ్చినా చెవుడే, డెబ్భై ఏళ్ళ మనిషి టీవీ సౌండు నాలుగు గీతలు పెంచమన్నా చెవుడే. వెనకాలే చెవిటిమేళం అన్న వెక్కిరింత వస్తుంది. ఇంకా ముదిరించి చెప్పాలంటే బ్రహ్మచెవుడు. (కంచెల్లో పెరిగే బ్రహ్మజెముడు వేరు. వకారం మకారమై చెవుడును కొన్నిచోట్ల చెముడు అంటారు, ముళ్ళ మొక్కను కూడా చెముడు అంటారు కాబట్టి రెండూ ఒకే మాట అనుకునేవాళ్ళున్నారు. కాదు.)

వయసుతో వచ్చే చెవుడుకు వైద్యుల దగ్గర విడిగా ఒక పేరుంది, ప్రెస్బిక్యూసిస్. గ్రీకు మాట, 'ముసలి వినికిడి' అని అర్థం. నెదర్లాండ్స్‌కు చెందిన శరీరశాస్త్రజ్ఞుడు జ్వార్డెమేకర్ 1890ల్లో గాల్టన్ ఈల ఊదుతూ రకరకాల వయసుల వాళ్ళను పరీక్షించి, వయసు పెరిగేకొద్దీ హెచ్చు స్థాయి స్వరాలు ముందుగా జారిపోతాయని చూపించాడు. మన డాక్టర్లు దాన్ని తెలుగులో చెప్పాల్సి వస్తే 'వయోసంబంధ వినికిడి లోపం' అంటారు. ఆసుపత్రి గోడ మీద రాయడానికి పనికొస్తుంది గాని, వీధి అరుగు మీద కూర్చున్న తాత నోట్లో పట్టదు.

చెవుడు అనే మాట ఎక్కడిదో చూద్దాం. చెవి ద్రావిడ భాషల్లో బాగా పాత మాట. కన్నడంలో కివి, తుళులో కెబి, గోండీలో కెవి, ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో ఖఫ్. మొదట్లో ఉన్నది కకారం. ఇకార ఎకారాల ముందు తెలుగులో అది చకారమైంది. కన్నడం కెడు, మన చెడు. కన్నడం కై, మన చేయి. అలాగే కివి, చెవి. చెవికి తోక తగిలిస్తే చెవుడు. తమిళం చెవిడు, కన్నడం కివుడు కూడా అదే తీరున పుట్టాయి.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. గుడ్డి అన్న మాటలో కన్ను లేదు. కుంటిలో కాలు లేదు. నత్తిలో నాలుక లేదు. సంస్కృతం మూకను మార్చుకున్న మూగలో నోరు లేదు. అవయవం పేరే రోగమైపోయింది ఒక్క చెవి విషయంలోనే. అందువల్ల వ్యాకరణం కూడా తంటాలు పడింది. కన్నుకు కంటి, పన్నుకు పంటి, ఇల్లుకు ఇంటి. చిన్నయసూరి వీటిని ఔపవిభక్తికాల్లో పెట్టాడు. కంటి డాక్టరు, పంటి డాక్టరు అంటాం. ఆ వరసలో చెవిటి డాక్టరు అంటే ఆయన కొట్టడానికి వస్తాడు. చెవిటి అన్నది చెవికి చెందదు, చెవుడుకు చెందుతుంది. చెవి డాక్టరు అనే తీరాలి.

సంస్కృతం వాళ్ళది మరో దారి. బధిర శబ్దాన్ని ఉణాది సూత్రాలు బంధ ధాతువు నుంచి సాధించాయి. రుచిర, రుధిర, తిమిర, మందిర అన్న మాటలు తయారైన అచ్చులోనే బధిర కూడా తయారైంది. కట్టేసినది, మూసుకుపోయినది అని దాని పోకడ. తిరుపతిలో దేవస్థానం వారు నడిపే బధిర పాఠశాల ఈ మాటతోనే ఉంది. ప్రభుత్వ కాగితాల్లోనూ ఇదే ఎక్కువ. మూసుకుపోవడం అన్న ఊహ గుబిలి పేరుకున్న చెవికి సరిగ్గా అతుకుతుంది. గుబిలి తీయించుకుంటే చెవి తెరుచుకుంటుంది. పెద్దవయసులో గుబిలి గట్టిపడి అడ్డం పడటం మామూలే కాబట్టి ఏ డాక్టరైనా ముందు చూసేది అదే. అది కాకపోతే కర్ణభేరి, దాని వెనక ఉన్న మూడు చిన్న ఎముకలు. ఈ మూడు దాకా అంతా 'బంధం' వ్యవహారం. వయసుతో వచ్చేది వీటన్నిటికీ అవతల ఉంటుంది.

ఆ అవతలి దానికి తెలుగులో ఒక పాత మాట ఉంది గాని మనం దాన్ని విందు దగ్గరే వదిలేశాం. వీను. వీనులవిందు అన్నప్పుడు తప్ప వాడం. వీను అంటే చెవే, కాని విను అనే క్రియలోంచి పుట్టిన చెవి. చెవి కమ్మలు పెట్టుకునేది, మెలిపెట్టేది, కోసుకునేది. వీను వినేది. నిఘంటువులు రెండిటికీ ఒకే అర్థం రాస్తాయి. అయినా ఈ తేడా పనికొచ్చే సందర్భం ఒకటి కళ్ళారా చూశాను.

ఒక ఊళ్ళో చెవి పరీక్ష గది. పులికాట్ వైపు పల్లె నుంచి మనవరాలితో వచ్చిన ఒక అవ్వ. డాక్టరు లైటు పెట్టి చూసి "గుబిలి లేదవ్వా, కర్ణభేరి బాగుంది, చెవి బాగుంది" అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "చెవి బాగుంటే ఎందుకయ్యా తెలీడంలా? ఇనపడతా ఉంది, ఏమంటా ఉండారో తెలీడంలా" అంది. ఆమెను అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించి చేతికి ఒక బొత్తాం ఇచ్చారు. శబ్దం వినపడగానే నొక్కమన్నారు. లోగొంతు శబ్దాలకు టకటకా నొక్కింది. స్థాయి పెంచేకొద్దీ చేయి ఆగింది. చివరి శబ్దాల దగ్గర బయటివాళ్ళకు సన్నటి కూత వినిపిస్తూనే ఉంది, ఆమె మాత్రం ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు అద్దంలోంచి మనవరాలిని చూస్తోంది. కాగితం మీద కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలం ఇంటూలు. రెండూ ఎడమవైపు పైన మొదలై కుడివైపుకు మెట్లు దిగాయి.

తర్వాత పరీక్ష చేస్తున్న ఆడియాలజిస్టు అమ్మాయి నోటికి కాగితం అడ్డం పెట్టుకుని "చాలు" అంది. అవ్వ "పాలు" అంది. "తాలు" అంటే "కాలు" అంది. కాగితం తీసేసి అవే మాటలు అంటే రెండూ సరిగ్గా చెప్పింది.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటుంది, మధ్యలోనూ అచ్చులే మోగుతాయి. అచ్చుల బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. పదం పొడుగు, దీర్ఘం, ద్విత్వం, వాక్యం ఎత్తుపల్లాలు వాటితోనే తెలిసిపోతాయి. పదాన్ని పదం నుంచి విడదీసే క, చ, ట, త, ప, స, శ మాత్రం సన్నగా, పైస్థాయిలో, క్షణంలో వచ్చి పోతాయి. సకారం బుస చాలావరకు 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో పైస్థాయి శబ్దాలను పట్టే భాగం మొదట్లోనే ఉంది. వయసుతో ముందు దెబ్బతినేదీ అదే. పాలు, కాలు, తాలు, చాలు అప్పుడు ఒకే మాట అయిపోతాయి. ముందున్న హల్లు పోయి 'ఆలు' మిగులుతుంది. తడలో ఇది మరీ విడ్డూరంగా కనిపిస్తుంది. శ్రీహరికోట షార్‌లో రాకెట్ లేచినప్పుడు ఆ ఉరుము తాతకు అందరితోపాటే వినపడుతుంది. పక్కగదిలోంచి మనవరాలు పిలిస్తే వినపడదు. "రాకెట్టు ఇనపడిందే, నేను పిలిస్తే ఇనపడలేదా" అని ఆమెకు కోపం. రాకెట్ మోత లోస్థాయిది. ఆడపిల్లల, చిన్నపిల్లల గొంతులు పైస్థాయివి. తాత నటించడం లేదు.

కాక్లియాలో ఒక్కో చెవికి సుమారు 3,500 లోపలి కేశకణాలు, 12,000 దాకా బయటి కేశకణాలు ఉంటాయి. చచ్చిపోతే మనిషికి మళ్ళీ రావు. కోడికి, మరికొన్ని పక్షులకు మళ్ళీ మొలుస్తాయని 1980ల్లో తేలింది. వయసుతో ముందు పోయేది ఈ కణాలా, వాటికి విద్యుత్తు అందించే పక్కపొరా, నరమా అన్నది పాత తగువు. అమెరికాలోని బోస్టన్‌లో హెరాల్డ్ షుక్‌నెక్ట్ చనిపోయినవారి చెవి ఎముకలను కోసి చూసి 1960ల్లో నాలుగు రకాలు విడదీశాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు పక్కపొర వైపే మొగ్గాయి. 2020లో అదే బోస్టన్ పరంపరకు చెందినవారు 120 చెవులను పరీక్షించి, ప్రధాన నష్టం కేశకణాలదేనని చెప్పారు. అంతకుముందు 2009లో కుజావా, లిబర్‌మన్ ఎలుకల మీద చేసిన పని ఇంకో సంగతి బయటపెట్టింది. కేశకణాలు నిలిచే ఉంటాయి, బొత్తాం పరీక్ష బాగానే వస్తుంది, కాని కణానికీ నరానికీ మధ్య ఉన్న అతుకులు తెగిపోతాయి. అలాంటివాళ్ళకు నిశ్శబ్దమైన గదిలో అంతా బాగుంటుంది, పెళ్ళి పందిట్లో ఒక్క ముక్క అర్థం కాదు అని పరిశోధకుల అనుమానం.

అవ్వ అన్న వాక్యానికి మళ్ళీ వద్దాం. "ఇనపడతా ఉంది, తెలీడంలా." రోగ నిర్ణయానికి ఇంతకంటే కుదురైన వాక్యం నేను వైద్యగ్రంథాల్లో చదవలేదు. వినబడటం, తెలియడం రెండూ తెలుగులో 'కు' పట్టే క్రియలు. నాకు వినబడుతుంది, నాకు తెలుస్తుంది. అందులో నా ప్రమేయం లేదు. శబ్దం వచ్చి పడితే పడింది, లేకపోతే లేదు. విను అలా కాదు. నేను వింటాను, ఆయన వినడు. అక్కడ మనిషి కర్త. పైగా తెలుగులో వినడం అంటే లోబడటం కూడా. మాట వినే పిల్లవాడు అంటే చెవులు పనిచేసే పిల్లవాడని కాదు గదా. ఇంట్లో జరిగే అన్యాయం ఈ రెండు క్రియల మధ్య జరుగుతుంది. మొదటి ఏడు 'ఆయనకు వినబడదు' అంటారు. రెండో ఏడు 'ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినడు' అంటారు. 'కు' పోయింది, జబ్బు మొండితనమైంది.

మూడో ఏడు చాదస్తం అంటారు. ఛందస్సు, అంటే వేదం, చదివిన ఛాందసుడు మన నోట పడి చాదస్తం అయ్యాడు. ఒకటి అడిగితే ఒకటి చెప్పే ముసలివాళ్ళందరికీ ఇప్పుడు అదే బిరుదు. సంగతేమిటంటే, వినికిడి తగ్గడానికీ మతిమరుపు జబ్బుకూ నిజంగానే చుట్టరికం ఉంది. లాన్సెట్ పత్రిక డిమెన్షియా కమిషన్ 2017 నుంచీ ఆ మాట చెబుతూనే ఉంది. మరి చెవికి మిషన్ పెడితే బుద్ధి నిలుస్తుందా? అమెరికాలో అచీవ్ అనే పరీక్షలో 70 నుంచి 84 ఏళ్ళ వయసున్న 977 మందిని తీసుకుని, కొందరికి వినికిడి యంత్రాలూ సలహాలూ, కొందరికి ఆరోగ్య పాఠాలూ ఇచ్చి మూడేళ్ళు చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద తేడా లేదు. అప్పటికే ఒక గుండెజబ్బుల అధ్యయనంలో ఉండి, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్ళలో మాత్రం బుద్ధి క్షీణించే వేగం 48 శాతం తగ్గింది. పత్రికలు రెండో ముక్కనే పెద్దక్షరాల్లో వేశాయి. మొదటి ముక్క కూడా చదవాలి. నా మట్టుకు మిషన్ పెట్టుకోవడానికి మతిమరుపు భయం అక్కర్లేదు, మనవరాలి మాట చాలిన కారణం.

మందు లేదా అంటే లేదు. కేశకణాలను మళ్ళీ మొలిపిస్తుందని ఆశ పెట్టిన ఒక మందు 2023లో ప్రయోగంలో నిలవలేదు. పుట్టుచెవుడులో ఒక రకానికి జన్యు చికిత్స పిల్లల్లో పనిచేసింది. పెద్దవయసు చెవికి అలాంటిదేదీ రాలేదు. ఉన్నది మిషను, మరీ ఎక్కువగా పోతే కాక్లియర్ ఇంప్లాంటు.

మిషను దొరికే దారి చూస్తే మళ్ళీ మాటల చిక్కే. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్ నష్టం ఉంటే చెవుడు. 60 నుంచి 70 అయితే మరో తరగతి. దాని హిందీ పేరు బాగుంటుంది, ఊంచా సున్‌నా, ఎత్తుగా వినడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల్లో 35 డెసిబెల్ నుంచే మధ్యస్థ నష్టం. అరవై పైబడినవాళ్ళలో నాలుగోవంతు కంటే ఎక్కువమందికి ఇబ్బందిపెట్టే స్థాయి నష్టం ఉందని ఆ సంస్థ లెక్క. 45 డెసిబెల్ దగ్గర ఉన్న తాతను ఊరు చెవిటివాడు అంటుంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు పోతే చట్టం కాదు పొమ్మంటుంది. తిట్టుకు సరిపోయిన చెవుడు సర్టిఫికెట్‌కు చాలలేదు.

దీనికి పక్కదారి ఒకటి మన వైపు నుంచే మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న అరవై ఏళ్ళ పైవాళ్ళకు ఊతకర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, కట్టుడు పళ్ళు, కళ్ళద్దాలు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ఆరంభించింది. తడ అప్పటికి ఆ జిల్లాలోదే. తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022లో. వయసుకు శ్రీ తగిలించిన పేరు. ప్రభుత్వ నామకరణాల్లో నాకు నచ్చిన కొద్దిపాటి వాటిలో అదొకటి.

మిషను చేతికి రాగానే పని అయిపోదు. చాలా మిషన్లు బీరువాలో పడి ఉండటానికి కారణం, మిషను శబ్దాన్ని పెంచుతుంది గాని మాటను విడదీసి ఇవ్వలేదు. చెవి పాడైనవాళ్ళకు మరో ఇరకాటం ఉంది. చిన్న శబ్దం వినపడదు, కాస్త పెంచితే భరించలేరు. "గట్టిగా చెప్పు" అంటారు, చెప్తే "ఎందుకట్టా అరుస్తావు" అంటారు. రెండూ నిజమే. అరిస్తే అచ్చులే ఉబ్బుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి. ఎదురుగా కూర్చుని, మొహం వెలుతుర్లో ఉంచి, నిదానంగా చెప్తే ఎక్కువ పని జరుగుతుంది. మిషనును పైస్థాయిలోనే పెంచేలా, ఆ మెట్లు దిగిన గీతకు తగ్గట్టు సర్దాలి. సర్దింది సరిపోయిందో లేదో చూడటానికి బొత్తాం చాలదు, మాటలే కావాలి.

తడవాళ్ళకు చెన్నై దగ్గర. అక్కడ పరీక్ష గదిలో మాటల పట్టీ తమిళంలో ఉంటుంది. తమిళంలో చెవికి మామూలు వాడుక 'కాదు'. డాక్టరు 'కాదు' అంటే మనకు కాదనే వినపడుతుంది. అక్కడి కేళ్ అనే క్రియకు వినడం, అడగడం రెండూ అర్థాలే. వాళ్ళకు ప్రశ్న అయిన వినా, మనకు వినడం అయిన విను ఒక వేరు నుంచి వచ్చినవి. (విన్నపం మాత్రం ఈ ఇంటిది కాదు, సంస్కృతం విజ్ఞాపనకు ప్రాకృతం మీదుగా పుట్టిన బిడ్డ.) తడ మనిషికి తమిళం వచ్చు కాబట్టి పని నడుస్తుంది. వచ్చిన భాష వేరు, సగం హల్లులు పోయినప్పుడు ఊహతో పూడ్చుకోగలిగిన భాష వేరు. ఆ పూడ్చుకోవడం ఇంటి భాషలోనే బాగా కుదురుతుంది.

తెలుగు పట్టీలు లేకపోలేదు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరు మీద ముంబయిలో వెలసిన సంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. పైస్థాయి హల్లులతోనే కూర్చిన పట్టీలను కూడా తెలుగులో పరిశోధకులు తయారుచేశారు. అయితే ఏ పట్టీ అయినా ఒక ఉచ్చారణను సరైనదిగా పెట్టుకుని మొదలవుతుంది. తడ చుట్టుపక్కల పల్లెల్లో చాలు అనరు, సాలు అంటారు. వినపడలేదు అనరు, ఇనపళ్ళా అంటారు. పరీక్షలో 'చాలు' అని వినిపిస్తే, అవ్వ దాన్ని సరిగ్గా విని, తన నోటి అలవాటు కొద్దీ 'సాలు' అని తిరిగి చెబుతుంది. పట్టీ ప్రకారం అది తప్పు, మార్కు పోతుంది, చకారం సకారంగా వినపడుతోందని కాగితం మీద పడుతుంది, మిషను ఆ లెక్కన సర్దుతారు. భీములవారిపాళెం రేవులోనో సత్యవేడు సంతలోనో కొన్నాళ్ళు కూర్చుని మాటలు ఏరుకుని, ఏ ఉచ్చారణకు మార్కు తీసేయకూడదో ముందే రాసిపెట్టుకున్న పట్టీ ఒకటి ఈ సరిహద్దుకు విడిగా కావాలి. ఆ పని చేయడానికి ఆడియాలజిస్టు పక్కన ఒక భాషాశాస్త్రజ్ఞుడు కూర్చోవాలి. తిరుపతి విశ్వవిద్యాలయం నుంచి రైలెక్కితే తడ ఎంత దూరమని.